వంశంలో జబ్బు దోషమా?

మన పెళ్ళి సంబంధాల్లో “వాళ్ళింట్లో జబ్బులేమైనా ఉన్నాయా?” అని వాకబు చేయడం మామూలే. పిల్ల అక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తెలిస్తే మాటలు అక్కడితో ఆగిపోతాయి. ఇది న్యాయమా?

ఈ జబ్బులో మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాములలోని నరాల పైపొరను దెబ్బతీస్తుంది. హెచ్.ఎల్.ఏ. జన్యువులతో దీనికి సంబంధముందని 1972 నుంచీ తెలుసు. వాటిలో డి.ఆర్.బి.1*15:01 రకం ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు. అయినా ఆ రకమున్నవారిలో అత్యధికులకు జబ్బు రానే రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి వచ్చినా, రెండవవారికి వచ్చేది సుమారు నాలుగింట ఒక వంతు జంటల్లోనే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ వంటి బయటి కారణాలూ తోడవాలి.

2024లో వెలువడిన ప్రాచీన డి.ఎన్.ఏ. పరిశోధన ప్రకారం, ముప్పు పెంచే ఈ రకాలు సుమారు 5,000 ఏళ్ళ క్రితం పశుపాలకుల వెంట ఐరోపాలో వ్యాపించాయి. అంటురోగాల నుంచి అవి వారిని కాపాడి ఉంటాయని శాస్త్రజ్ఞుల ఊహ. నాటి కవచమే నేటి ముప్పన్నమాట!

బిడ్డల క్షేమం కోరి అడగడం తప్పు కాదు. డాక్టరును అడిగి తెలుసుకోవాలే గాని, ముప్పును కళంకంగా ఎంచి ఒక ఆడపిల్లను తోసిపుచ్చడం అన్యాయం. వెదికితే ఏ ముప్పూ లేని వంశం మనలో ఒక్కటీ మిగలదు.