రాలే ఆకులకు నీళ్లు మందు కాదు

నర్సరీ నుంచి తెచ్చి హాల్లో పెట్టిన ఫైకస్ మొక్క వారం పది రోజులకే ఆకులు రాల్చడం మొదలుపెడుతుంది. చూసినవారికి ప్రాణం ఉసూరుమంటుంది. వెంటనే చెంబెడు నీళ్లు పోస్తారు, రేపు ఇంకో చెంబెడు. నేను చెప్పేదల్లా ఒక్కటే: చాలాసార్లు ఆ మొక్కకు దాహం కాదు, వెలుగు చాలడం లేదు. మర్రి, రావి, మేడి కుటుంబంలోదే ఇదీ. కడియం నర్సరీల్లో ఆరుబయట వెలుతురుకు మందంగా తయారైన ఆకులు గది మూలకు వస్తే తమ ఖర్చుకు సరిపడా ఆహారం చేసుకోలేవు. అందుకే మొక్క వాటిని వదిలించుకుని, తక్కువ వెలుగుకు తగిన పలచని కొత్త ఆకులు వేస్తుంది. ఆకులు తగ్గినప్పుడు అది తాగే నీరూ తగ్గుతుంది. అప్పుడు మనం పోసే నీళ్లు మట్టిలోని గాలిని తరిమేస్తాయి, ఊపిరాడక వేళ్లు కుళ్లుతాయి.

మరి మన ఎండాకాలంలో నీళ్లు తగ్గిస్తే ఎండిపోదా అంటారు. నిజమే, కుండీ పూర్తిగా ఎండినా ఆకులు రాలతాయి. అందుకే తేదీ చూసి కాదు, వేలు చూసి పోయాలి. రెండు అంగుళాల లోతున వేలికి తడి తగిలితే ఆగండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి. కిటికీ పక్కన, ఏసీ గాలి తగలని చోట ఉంచాక, దయచేసి గదులు మార్చకండి. ఆకులన్నీ రాలినా, కొమ్మను గీరినప్పుడు లోపల పచ్చగా కనిపిస్తే అది బతికే ఉన్నట్టు.