నుక్తా, తలకట్టు

మా పిల్లవాడిని మా వాళ్ళెవరూ పిచ్చివాడనరు. అంతమాట అనడానికి వాళ్ళకు నోరు రాదు. అల్లావాలా అంటారు. కాస్త కితాబులు తిరగేసినవాళ్ళు మజ్జూబ్ అంటారు, అంటే దైవధ్యాసలో పడి లోకం మరిచినవాడని. ఎదురింటి పెద్దమ్మ ముస్లిం కాదు. ఆమె మాత్రం పోయిన జన్మలో ఎవరో యోగి అయ్యుంటాడంటుంది. అన్నీ ప్రేమతో అనే మాటలే. అయితే అసర్ తగిలిందనీ, జిన్ను పట్టిందనీ, కడుపుతో ఉన్నప్పుడు మగ్రిబ్ వేళ తల్లి గడప దాటిందనీ గొణుగుడు వచ్చేదీ ఆ ఇళ్ళలోంచే. ఒకే పిల్లవాడు పొద్దున వలీ, రాత్రికి జిన్ను. డాక్టరు ఆటిజం అన్నాడు.

ఈ పేర్లన్నిటిలో మాకు అక్కరకొచ్చింది డాక్టరు చెప్పిందే. అలాగని దాని చరిత్ర కూడా అంత నిర్మలమైంది కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకం దృష్టికి వచ్చింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ ఒక పుస్తకం రాసి, తల్లిదండ్రుల్లో, ముఖ్యంగా తల్లిలో ప్రేమ కరువై పిల్లలు ఇలా అవుతారన్నాడు. అది తప్పని తేలేలోగా ఎందరు తల్లులు కుమిలిపోయారో! తావీజు కట్టేవాడూ, కోటు తొడుక్కున్నవాడూ మొదట వేలు చూపించింది తల్లివైపే. మేము సైన్సుకి ముక్కామని, మత విశ్వాసాన్ని తన్నేశామని ఎవరూ అనుకోకుండా ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది.

వాడికి పదకొండేళ్ళు. మాటలు బాగా తక్కువ. మా ఇంటికి రెండు పేపర్లొస్తాయి, ఒకటి ఉర్దూ, ఒకటి తెలుగు. మా ఇద్దరిలో ఒకరి బతుకుతెరువు ఆ రెంటి మధ్య తిరగడమే. పేపరు మీద పల్చటి కాగితం పరిచి, అక్షరాలన్నీ వదిలేసి, నుక్తాలు మాత్రం దించుతాడు మావాడు. బే కింద ఒకటి, తే మీద రెండు, షీన్ మీద మూడు. అది అయ్యాక తెలుగు పేపరు తీసుకుని తలకట్లు మాత్రమే దించుతాడు. ఒక్కో పేజీకి రెండు గంటలు పడుతుంది. అన్నానికి పిలిచినా పలకడు. ఒక్క చుక్క పక్కకు జరిగితే కాగితం చించడు, అరవడు. దాన్ని మంచం కిందికి నెట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. పూర్తయిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అక్షరాలు పోయి, వాటి జాడ మాత్రం మిగిలినట్టుంటుంది. అందం ఉంది దానిలో. కన్నవాళ్ళం కాబట్టి అనడం లేదు.

సూఫీల్లో ఒక మాట ఉంది. హజ్రత్ అలీ పేరు మీద చెప్పుకుంటారు. ఖురాన్ సారమంతా ఫాతిహాలో ఉందట, ఫాతిహా సారం బిస్మిల్లాలో, బిస్మిల్లా సారం బే అక్షరంలో, బే సారం దాని కింది నుక్తాలో. ఈ మాట తెలిసినవాళ్ళెవరైనా మావాడి కాగితం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మాకూ జలదరించింది. దర్గాకి పోయేవాళ్ళు కొందరు, పోవద్దనేవాళ్ళు కొందరు ఉన్న కుటుంబాలు మావి. ఏ వైపూ గట్టిగా నిలబడనివాళ్ళం. అటువంటి మేము రాత్రుళ్ళు కూర్చుని ఇబ్న్ అరబీ గురించి ఉర్దూలో దొరికినవి చదవడం మొదలుపెట్టాం. పిల్లవాడి కాగితం మమ్మల్ని అంతదూరం తీసుకుపోయింది.

మరి తలకట్టు సంగతేమిటి? తలకట్టులో పరమరహస్యం ఉందని ఏ సూఫీ చెప్పినట్టు మేము వినలేదు. వాడు నుక్తాని ఎంత శ్రద్ధగా దించుతాడో తలకట్టునీ అంతే శ్రద్ధగా దించుతాడు. నాత్‌లోని నుక్తా, సబ్బుల ప్రకటనలోని నుక్తా వాడికి వేరు కాదు. నుక్తా దించితే దైవధ్యాస, తలకట్టు దించితే జబ్బు లక్షణం అని మేము పంచుకోలేం గదా! ఆ కాగితంలో రహస్యం వెతికింది మా కళ్ళు. వాడు చుక్కల్ని చూశాడు, మేము చూడలేనంత బాగా చూశాడు.

ఒకసారి వాణ్ణి పాతబస్తీలోని బాద్షాహీ ఆషూర్ఖానాకి తీసుకుపోయాం. కుతుబ్ షాహీల కాలంనాటి మీనా పలకల గోడలవి. ఆ పసుపూ నీలం చూసి వీడు ఏమైపోతాడో అనుకున్నాం. గోడవైపు తలైనా తిప్పలేదు. కింద పరిచిన ప్లాస్టిక్ చాప అల్లికని వేలితో లెక్కబెడుతూ గంటసేపు కూర్చున్నాడు. పలకలు మేమే చూసి వచ్చాం.

ఇంకొకరి తన్మయత్వానికి మన అర్థం తగిలించే హక్కు మనకుందా? ఈ ప్రశ్న మాకు కొత్తగా ఉండకూడదు. గడ్డం చూసి, బుర్ఖా చూసి, పేరు విని, మేము నోరు తెరవకముందే మాకొక అర్థం తగిలించే వాళ్ళ మధ్య బతుకుతున్నాం. ఖవ్వాలీ రాత్రి మురిపెంగా చూసేవాళ్ళున్నారు, అద్దె ఇల్లు అడిగితే అనుమానంగా చూసేవాళ్ళున్నారు. ఆ ఇద్దరికీ మేము కనబడం. మా ఇంట్లో, మా బిడ్డకి మేమే ఆ పని చేస్తే?

వలీ అని చేతులు ముద్దుపెట్టుకోవడంలో హానేముందని అడుగుతారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాక తగలబడి 28 మంది మానసిక రోగులు చనిపోయారు. దర్గా మహిమతో నయమవుతుందని ఇంటివాళ్ళు తెచ్చి వదిలినవాళ్ళు. కాళ్ళకు గొలుసులు ఉండడం వల్ల పారిపోలేకపోయారు. ఆ గొలుసు కట్టిన చేతులు విశ్వాసం లేనివి కావు. మనిషిని దేవుడి ఖాతాలో రాసేస్తే ఇక మన ఖాతాలో ఏ బాధ్యతా ఉండదు, అదీ హాని.

షరియత్‌లో బుద్ధి వికసించనివాడి మీద, నిద్రపోయేవాడి మీద, పసివాడి మీద కలం ఎత్తేశారని హదీసు. వాళ్ళ పాపాలు రాయరు. గొప్ప కరుణ అది. అయితే ఆ కరుణని పట్టుకుని, వీడికి లెక్కే లేదు గనక చదువెందుకు, అలీఫ్ బే ఎందుకు, అఆలెందుకు అనేవాళ్ళని చూశాం. సర్కారు కలమూ చాలాకాలం అలాగే ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో కనబడి, 2016 చట్టంలో గానీ వైకల్యాల జాబితాకి ఎక్కలేదు. పై కలం ఎత్తేసినా వాడి చేతిలో నల్ల స్కెచ్‌పెన్ను ఉంది. నెలకు నాలుగు కొంటున్నాం.

ఇంతకీ ఆధ్యాత్మికత మీద మా ఆసక్తి చచ్చిపోయిందా అంటే, లేదు. పెరిగింది. నమాజులో ఖుషూ ఉండాలంటారు, మనసు చెదరకుండా నిలబడడం. మేము సజ్దాలో ఉండి కూడా రేపటి హెడ్డింగు, గ్యాసు బండ, స్కూలు ఫీజు ఆలోచిస్తుంటాం. పక్కగదిలో వాడు రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడంటే మాకు కొంచెం సిగ్గు, కొంచెం ఆశ్చర్యం. కానీ ఆ వెతుకులాట మాది. మా జానమాజ్ మీద చేసుకోవాల్సిందే తప్ప వాడి కాగితం మీద కాదు. వాళ్ళమ్మీ ఈ తేడాని మాకంటే ముందే పట్టుకుంది. కాగితంలో ఏముందని చుట్టాలడిగితే, చుక్కలున్నాయంటుంది.

మాకిప్పుడు ఉన్న తగువు మసీదుతో. శుక్రవారం వాణ్ణి తీసుకుపోతే చివరి సఫ్‌లో ఊగుతాడు, ఖుత్బా మధ్యలో గట్టిగా కూత పెడతాడు. వాణ్ణి అల్లావాలా అన్న పెద్దాయనే మొన్న మమ్మల్ని పక్కకు పిలిచి, "బేటా, ఇంట్లో పెట్టుకోరాదూ" అన్నాడు. పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లికి కష్టమని ప్రవక్త నమాజు కుదించేవారు. మనవడు వీపెక్కితే దిగేదాకా సజ్దా పొడిగించారు. అంధుడొకరు వచ్చినప్పుడు మొహం చిట్లించిన సందర్భం మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది. ఇవన్నీ ఆ పెద్దాయనకి మాకంటే బాగా తెలుసు. చివరి సఫ్‌లో, చెప్పుల అరపక్కన, గోడవార ఒక మనిషి జాగా అడుగుతున్నాం. కమిటీవాళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే జుమాకి వాణ్ణి తీసుకునే పోతాం, కాగితంతో సహా.