కర్ర అడిగినా రొట్టే ఇద్దాం



అమెరికాలోని యూటా రాష్ట్రంలో ప్రోవో అనే ఊరుంది. మోర్మన్ మతప్రచారానికి బయలుదేరే యువకుల్లో చాలామందికి శిక్షణ అక్కడే. 18 ఏళ్లు నిండిన కుర్రాడు రెండేళ్ల సేవకు సిద్ధపడి వస్తాడు. తెల్ల చొక్కా, టై, ఛాతీ మీద నల్ల పేరుబిళ్ల. దాని మీద ఇంటిపేరు, ముందు ‘ఎల్డర్’ అన్న మాట. అంటే పెద్ద అని అర్థం. మీసం సరిగా మొలవకముందే పెద్దరికం! వెంట ఎప్పుడూ ఒక జతగాడు ఉండాల్సిందే.

బ్రెజిల్ వెళ్లాల్సినవాడైతే పోర్చుగీసు నేర్వాలి. చేతిలో ఉన్నవి కొద్ది వారాలు. ఆ భాషలో రొట్టెను ‘పావ్’ అంటారు. దాన్ని కాస్త ముక్కుతో పలకాలి. ముక్కు సాయం మరిచాడా, రొట్టె కాస్తా కర్ర అయిపోతుంది! ‘కర్ర పెట్టమ్మా, ఆకలేస్తోంది’ అన్నట్టుంటుంది మరి.

ఆ పావ్ మనకు తెలియనిదేం కాదు, పావ్‌భాజీలో తింటున్నదే. మన అల్మారా, ఇల్లు కట్టే మేస్త్రీ కూడా పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలే.

బిళ్ల మీద పెద్ద, నోట్లో పసిపలుకులు. ఎవరి నమ్మకం వారిది గానీ, ఆ కుర్రాడి దగ్గర నేర్చుకోదగ్గది ఒకటుంది. నలుగురికీ చెప్పాలని బయలుదేరినవాడు ముందు చెవులు రిక్కించి వినాలి, తప్పులు మాట్లాడాలి, నవ్వులపాలైనా మళ్లీ నోరు విప్పాలి.

ఈ రోజు మన వీధిలో ఎవరైనా తడబడుతూ తెలుగు మాట్లాడితే నవ్వకండి. వాళ్లు కర్ర అడిగినా, మనం రొట్టే ఇద్దాం.