త్రోవలో పడియున్నవాడు



ఇతరులకు సహాయము చేయుటను గూర్చి మనము తరచుగా ప్రసంగములు వినుచున్నాము. సహాయము పుచ్చుకొనుటను గూర్చి వినుట అరుదు. ఈ రెండింటిలో ఏది కష్టము? గడచిన మే నెలలో నేను ఒంటరిగా చేసిన ఒక ప్రయాణము ఈ ప్రశ్నను నా యెదుట నిలిపెను.

బందరు నుండి చీరాలకు తీరప్రాంతపు రహదారిన 100 కిలోమీటర్లకు పైగా దూరము కలదు. మోటారు సైకిలు మీద బయలుదేరితిని. సంఘపెద్ద ఒకరు, "అయ్యగారూ, ఎండలు మండిపోతున్నాయి. మా అబ్బాయిని తోడు తీసుకెళ్లండి" అనిరి. "నాకు తోడెందుకండీ?" అంటిని. ఇంటిలో ఇచ్చిన మజ్జిగ సీసాను సయితము బరువని విడిచిపెట్టితిని. ఎవరికిని భారము కాకుండుటయే గొప్ప గుణమని నా తలంపు.

దివిసీమ మీదుగా వచ్చి, పులిగడ్డ వద్ద కృష్ణ వంతెన దాటి, రేపల్లె విడిచి బాపట్ల వైపు సాగుసరికి మధ్యాహ్నమాయెను. తీరప్రాంతపు వేడిమి మోసకరమైనది. చెమట కారుటవలన గాక, అది ఆరుటవలన మన శరీరము చల్లబడును. గాలిలో తేమ నిండియున్నప్పుడు చెమట త్వరగా ఆరదు. కాబట్టి పొడి ప్రదేశమున 40 డిగ్రీలను ఓర్చుకొనువాడు ఇక్కడ అంతకు తక్కువ వేడిమికే సొమ్మసిల్లవచ్చును. బండి నడుచునంతసేపు గాలి తగులుచుండుటచే నేనది గ్రహింపలేదు. తల తిరుగుచుండగా బండి ఆపి, తాటిచెట్ల ప్రక్కన కూలబడితిని.

ముంజలు అమ్ముకొను ఒక వృద్ధురాలు నన్ను చూచి గబగబ వచ్చెను. తన పాక నీడకు నడిపించి, తలమీద నీళ్లు పోసి, కొంగుతో విసరి, ఉప్పు వేసిన నీళ్లు కొంచెము కొంచెముగా త్రాగించి, ముంజలు ఒలిచి పెట్టెను. నా కులమేదో మతమేదో ఆమె అడుగలేదు. కొంత తేరుకొనగానే నేను చేసిన మొదటి పని యేమనగా, జేబులోనుండి నోటు తీయుట. ఆమె ముఖము చిన్నబోయెను. "నీళ్లకి డబ్బులేంది నాయనా? ముందు కూర్చో" అనెను.

ముంజల వెల చెల్లించుట న్యాయమే. అది ఆమె జీవనాధారము. కాని ఆ నోటు వెల కాదు, కృతజ్ఞతయు కాదు. తక్షణమే లెక్క తీర్చివేసి, ఎవరికిని ఋణపడనివాడనై లేచిపోవలెనను తొందర అది.

మంచి సమరయుని ఉపమానమును నేను అనేక మారులు బోధించితిని. ప్రతిమారును సమరయునివలె ఉండుడని చెప్పితిని. యెరికో త్రోవలో కొన ఊపిరితో పడియున్నవాని స్థానమున నన్ను నేను ఎన్నడును ఉంచుకొనలేదు. తనకు సహాయము చేయువానిని ఏర్పరచుకొను వీలు వానికి లేకపోయెను. తన జనులు తృణీకరించు జాతివాని చేతి పరిచర్యను వాడు పొందవలసి వచ్చెను.

1977 నవంబరు 19న ఉప్పెన ముంచిన దివిసీమ మీదుగానే నేను ఆ ఉదయము ధీమాగా వచ్చితిని. ఆనాడు సర్వమును పోగొట్టుకొనినవారు, ఊరు పేరు తెలియనివారి చేతి అన్నము తిని బ్రదికిరి. అందుకు వారిని మనము తక్కువగా ఎంచము. మన వంతు వచ్చినప్పుడు మాత్రము ఎందుకు సిగ్గుపడుదుము? సోమరితనమును నేను పొగడుట లేదు. చేతనైనవాడు తన బరువు తాను మోయవలసినదే. అయితే పుచ్చుకొనుట చేతగానివాడు, తాను ఇచ్చునప్పుడు పుచ్చుకొనువానిని లోలోపల చిన్నచూపు చూచును. నా దానములలో ఇట్టివి ఎన్ని యుండెనో దేవునికి తెలియును.

ఆ దినము నోటు జేబులో పెట్టుకొని, ఆమె చెప్పినట్లు కూర్చుంటిని. పొద్దు వాలువరకు ఆమె నన్ను కదలనియ్యలేదు. ఊరు చేరిన తరువాత ఆ సంఘపెద్ద యింటికి పోయి, మరుసటి ప్రయాణమునకు వారి అబ్బాయిని తోడు పంపుమని అడిగితిని.