గిజిగాడు, పట్టుపురుగు: గూడు కట్టుకోవడం తప్పా?

ఇల్లు, ఉద్యోగం, ఈఎంఐ... ఇవన్నీ బంధాలే అంటుంటారు కదా. మరి గూడు కట్టుకోవడమే తప్పా? ఈ ప్రశ్నకు రెండు చిన్న ప్రాణులను అడుగుదాం.

మొదటిది పిచ్చుకంత ఉండే గిజిగాడు. వానాకాలం రాగానే మగపిట్ట గడ్డిపోచలు, ఆకు చీలికలు తెచ్చి ఈత చెట్టుకో తుమ్మ కొమ్మకో సగం గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితే గూడు పూర్తవుతుంది. ఎవరికీ నచ్చకపోతే అది వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. పిల్లలు ఎగిరిపోయాక ఆ గూడూ ఖాళీయే.

రెండోది పట్టుపురుగు. నోటి నుంచి వచ్చే ఒకే పోగుతో రెండు మూడు రోజుల్లో తన చుట్టూ తనే గూడు కట్టేసుకుంటుంది. ఆ పోగు సాగదీస్తే దాదాపు కిలోమీటరు! వ్యాస భాగవతం ఆరో స్కంధంలో, అజామిళుడి కథలో, యమదూతలు మనిషిని దీంతోనే పోలుస్తారు. తన కర్మల్లో తనే చుట్టుకుపోయి దిక్కు తెలియక ఉంటాడని.

అయితే పిట్ట జ్ఞాని, పురుగు అజ్ఞాని అని తేల్చేయొచ్చా? ఆగండి. గూటిలో ఆ పురుగుకు రెక్కలొస్తాయి. బయటికి రావాల్సిన రోజు నోటి దగ్గర నుంచే ఒక ద్రవం వదిలి, గూటిని మెత్తబరిచి, తను కట్టిన దానికి తనే కన్నం పెట్టుకుని వస్తుంది. చుట్టుకున్నదీ అదే, విప్పుకునేదీ అదే.

కానీ చాలావాటికి ఆ రోజు రానే రాదు. కన్నం పడితే పోగు తెగుతుంది. మనకు తెగని పోగు కావాలి. అందుకే ముందే గూళ్లను వేడి చేసి లోపలి ప్రాణం తీస్తారు. ఆ పట్టే కట్టుకుని మనం పూజలో కూర్చుంటాం. పురుగు బయటికి వచ్చాక మిగిలిన గూటి నుంచి నూలు తీసే అహింసా పట్టును హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య గారు తెచ్చింది ఇందుకే.

"అది ఎలాగూ ఎగరలేదు, తినలేదు, కొద్దిరోజులే బతుకుతుంది కదా" అంటారా? ఆ లెక్కన చూస్తే దేవతల ముందు మన ఆయుష్షు మాత్రం ఎంత?

నాకు అర్థమైనది ఇదండి. గూడు కట్టడం బంధం కాదు. వదలాల్సిన రోజున దారం తెగుతుందని భయపడటం బంధం. మన దారం తెగకూడదని ఇంకొకరి రెక్కలు ఆపడం అంతకన్నా పెద్ద పాపం. ఈసారి పట్టు కొనేటప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. ఇంట్లో ఎవరైనా తమ దారిన వెళ్తామన్నప్పుడు కూడా.

సర్వే జనాః సుఖినో భవంతు.