పిలిచిన పేరంటం

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మన పెద్దవాళ్ళు చెప్పారు. పిలిచిన పేరంటానికి ఎప్పుడు వెళ్ళకూడదో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాకు తెలిసింది, చిత్రంగా, పేరంటమంటే ఏమిటో కూడా ఎరగని కొందరు అమెరికా కుర్రాళ్ళ వల్ల. వాళ్ళు కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు.

ఆటల గొడవ మనకెందుకని పేజీ తిప్పేయకండి. నాకు తెలిసిందీ అంతంతమాత్రమే. అమెరికా ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. పేరులో కాలున్నా పని ఎక్కువగా చేతులదే. రెండు కొసలూ కూసుగా వుండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెడుతుంటే, అవతలి పదకొండుమందీ వాణ్ణి పడేయాలని చూస్తుంటారు. సీజన్ అయిపోయాక, కొత్త సంవత్సరం రోజుల్లో, బాగా ఆడిన జట్లను ప్రత్యేకంగా పిలిచి ఆడిస్తారు. వాటిని ‘బౌల్’ ఆటలంటారు. బౌల్ అంటే మన వంటింటి గిన్నే! గిన్నె ఆకారంలో కట్టిన స్టేడియం నుంచి వచ్చిన పేరది. ఆ పిలుపు కుర్రాళ్ళకు గౌరవం, కాలేజీకి డబ్బు.

1951లో శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం జట్టు తొమ్మిది ఆటలాడి తొమ్మిదీ గెలిచింది. జెస్యూట్ ఫాదర్లు నడిపే చిన్న విద్యాసంస్థ అది. ఫుట్‌బాల్ జట్టును పోషించడమే దానికి తలకుమించిన భారంగా వుండేది. జో కుహారిక్ అనే ఆయన శిక్షకుడు. జట్టులో ఓలీ మాట్సన్ అనే కుర్రాడు ఆ ఒక్క సీజన్‌లో బంతి పట్టుకుని 1,566 గజాలు పరుగెత్తాడు. ఆ యేడు దేశం మొత్తంమీద కాలేజీ ఆటగాళ్ళలో అతన్ని మించి పరుగెత్తినవాడు లేడు. బర్ల్ టోలర్ అనే మరో కుర్రాడు అవతలివాళ్ళను ముందుకు రానీయకుండా గోడలా నిలబడేవాడు. ఇద్దరూ నల్లజాతివాళ్ళు.

ఇంత గెలిచిన జట్టును పిలవకుండా ఎలా వుంటారు? దక్షిణాది బౌల్ పెద్దల దగ్గర్నుంచి మాట వచ్చింది. మీరు రావచ్చు, ఆ ఇద్దరూ తప్ప!

అప్పటి దక్షిణ రాష్ట్రాలలో నల్లవాళ్ళకు బడి వేరు, బస్సులో సీటు వేరు, మంచినీళ్ళ కుళాయి కూడా వేరు. బడులలో ఈ వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పడానికి ఇంకా మూడేళ్ళ వ్యవధి వుంది. ఆ యేడాది అక్టోబరులోనే ఓక్లహోమా రాష్ట్రంలో జానీ బ్రైట్ అనే నల్లజాతి ఆటగాణ్ణి, బంతి అతని దగ్గర లేకపోయినా కొట్టి దవడ విరగ్గొట్టారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. అలాంటి రోజులవి.

జట్టు ఒప్పుకోలేదు. వాళ్ళిద్దరూ లేకపోతే ఎవరమూ రామని చెప్పేసింది. బౌల్ ఆట వాళ్ళు లేకుండానే జరిగిపోయింది. ఆ సీజన్‌తోనే విశ్వవిద్యాలయం, ఖర్చు భరించలేక, ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేసింది.

ఇది చదివినప్పుడు నాకు మా మేనత్త గుర్తొచ్చింది. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. శ్రావణ శుక్రవారం పేరంటమంటే మా ఇంట్లో బూరెలూ పులిహోరా అన్నీ ఆవిడ మడి కట్టుకుని చేసినవే. ముత్తయిదువలు వచ్చే వేళకు మాత్రం పెరట్లోకి వెళ్ళిపోయేది. ఇతరుల ఇళ్ళలో పేరంటమైతే మా జడలు వేసి, పూలు పెట్టి, “వెళ్ళిరండే పిల్లలూ, నాకు వంటింట్లో బోలెడు పనుంది” అనేది. మేము వెళ్ళేవాళ్ళం. చేతివంట కావాలి, మనిషి అక్కర్లేదు. మాట్సన్ గెలిపించిన గెలుపులు కావాలి, మాట్సన్ అక్కర్లేదు. ఎంత తేడా వుంది చెప్పండి?

‘అత్తయ్య రాకపోతే మేమూ రాం’ అన్నవాళ్ళు మా ఇంట్లో ఒక్కరు లేరు. నేనూ అనలేదు. ఆవిడే వెళ్ళమంది కదా అనుకున్నాం. కాదనిపించుకున్న మనిషి మర్యాదకోసం అనే ‘నాకోసం మీరెందుకు ఆగాలి’ అన్న మాట మనకెంత సుఖంగా వుంటుందో! తప్పు మనది కాకుండా పోతుంది. సర్దుకుపోవడమని దానికో మంచి పేరు కూడా పెట్టుకున్నాం. సర్దుకునేది ఆవిడ, పోయేది మనం.

అలాగని ఆ కుర్రాళ్ళు చేసింది తేలికైన పని అనుకోకూడదు. వాళ్ళవైపు నుంచి ఆలోచిస్తే మనసు తెగని ప్రశ్నలు కొన్ని వున్నాయి. బౌల్ డబ్బు వస్తే ఆ లోటు కొంతైనా పూడేదేమో! తరవాతి యేడు ఆడాల్సిన కుర్రాళ్ళ సంగతేమిటి? బాబ్ సెయింట్ క్లెయిర్ అనే ఆటగాడు చివరి సంవత్సరం ఆడటానికి టల్సా విశ్వవిద్యాలయానికి పోవలసి వచ్చింది. ఇద్దరికోసం ఇందరు నష్టపోవడం న్యాయమా అని అడిగేవాళ్ళు అప్పుడూ వుండే వుంటారు.

నాకు తోచిన సమాధానం ఒకటే. వాళ్ళు వదులుకున్నది ఆ ఇద్దరికోసం మాత్రమే కాదు. ఆ షరతుకు తలూపి వెళ్ళివుంటే వాళ్ళు తొమ్మిది ఆటలు గెలిచిన జట్టుగా వెళ్ళేవాళ్ళు కారు, తెల్లతోలున్నవాళ్ళుగా వెళ్ళేవాళ్ళు. షరతు పెట్టిన పిలుపు, రావద్దన్నవాళ్ళనే కాదు, రమ్మన్నవాళ్ళనీ చిన్నబరుస్తుంది. పేరంటంలో బొట్టు పెట్టించుకున్న మాకు ఆ సంగతి ఎన్నడూ తట్టలేదు.

ఈ కథకు ముగింపు చాలా బాగుంటుంది. మాట్సన్ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చుకున్నాడు. మాట్సన్, జీనో మార్చెట్టి, సెయింట్ క్లెయిర్ ముగ్గురూ ఆ దేశపు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ కీర్తిమందిరానికి ఎక్కారు. టోలర్ మోకాలు దెబ్బతిని ఆట మానేసినా, బడి ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో ఆ ప్రొఫెషనల్ లీగులో మొట్టమొదటి నల్లజాతి అంపైరింగ్ అధికారీ అయ్యాడు. 2006లో విశ్వవిద్యాలయం ఆ జట్టులో మిగిలినవాళ్ళను పిలిచి గౌరవ డాక్టరేట్లు ఇచ్చింది.

చూశారా, మంచి చేస్తే మంచే జరిగింది అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆ జట్టులో పేరు రానివాళ్ళు చాలామంది వున్నారు. ఆ గౌరవం అందే రోజుకు బతికిలేనివాళ్ళూ వున్నారు. ఎవరికీ ఏ కీర్తీ రాకపోయివుంటే ఆ ‘రాము’ అన్న మాట తప్పయిపోయేదా? ఆ మాట అన్నరోజున వాళ్ళకు కనిపించింది మూతపడబోయే ఆటా, చేజారిన పండగా, అంతే. అయినా అన్నారు. ఆ మాట విలువంతా ఆ రోజుదే. తరవాత వచ్చింది వడ్డీ.

మా అత్తయ్య పోయి చాలాయేళ్ళయింది. నేను ‘రాను’ అని వుంటే ఆవిడ నన్ను కసిరి, జడ వేసి పంపించే వుండేది, నాకు తెలుసు. కానీ ఆ రాత్రి పెరట్లో ఒంటరిగా పడుకున్నప్పుడు, ఒక పిల్ల తనకోసం ఆ మాట అన్నదని గుర్తు చేసుకునేది కదా. అదైనా ఆవిడకు ఇచ్చివుండాల్సింది.