వస్తావా అని అడిగావా?

కుక్కతో ప్రయాణం అనగానే మనకి ముందు గుర్తొచ్చేది ధర్మరాజే. మహాప్రస్థానంలో ద్రౌపదీ తమ్ముళ్లూ ఒక్కొక్కరే పడిపోయాక ఆయన వెంట చివరిదాకా మిగిలింది కుక్క ఒక్కటే. దాన్ని వదిలేసి రథమెక్కమని ఇంద్రుడంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనన్నాడు. ఈ కథని విశ్వాసం గురించో ధర్మం గురించో చెప్పుకుంటాం. ఈమధ్య నా ధ్యాస మాత్రం ఇంకో చిన్న విషయం మీదికి పోతోంది. ఆ కుక్కని ధర్మరాజు రమ్మనలేదు. హస్తినాపురం నుంచి అదే వెంటపడింది. మెడకి పట్టీ లేదు. ఏ మలుపులోనైనా ఆగిపోవచ్చు, వెనక్కి పోవచ్చు. పోలేదు గనకే అది తోడైంది.

మేం వచ్చే నెల హైదరాబాదు నుంచి విశాఖకి కార్లో వెళ్తున్నాం, బంటిగాడితో సహా. ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. ఏమేం సర్దుకోవాలో చెప్పేవాళ్లకి లోటు లేదు. మంచినీళ్లు, గిన్నె, మెడపట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల, రేబిస్ టీకా కార్డు, వాడి వాసన పట్టిన పాత దుప్పటి, వెనక సీట్లో కట్టే బెల్టు. ఫోన్లో అమ్మకి ఇదంతా చదివి వినిపిస్తే ఓపిగ్గా విని, "అన్నీ బానే ఉన్నాయిగానీ, వస్తావా అని వాణ్ణి అడిగావేంట్రా?" అంది.

అమ్మ హాస్యానికే అంది. కానీ ఇక్కడ తలుపు వేసేది నేను, బెల్టు పెట్టేది నేను. అలాంటప్పుడు "వాడూ తోడొస్తున్నాడు" అని ఎలా అనగలను?

చిన్నపిల్లల్ని మాత్రం అడిగి తీసుకెళ్తామా అనొచ్చు. నిజమే, అడగం. కానీ నాలుగేళ్ల పిల్లకి "సాయంత్రానికల్లా అమ్మమ్మ ఇంట్లో ఉంటాం" అని చెప్పొచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ పిల్ల ఉక్కపోతా వాంతులూ ఓర్చుకుంటుంది. పెద్దయ్యాక "నన్నెందుకు అలా తిప్పారు?" అని నిలదీస్తుంది కూడా. కుక్కకి ఈ రెండు అవకాశాలూ లేవు. వాడికి విశాఖ లేదు, సాయంత్రం లేదు. ఉన్నదల్లా కదిలే గది, కాళ్ల కింద నిలవని నేల, కిటికీలోంచి వచ్చి అంతలోనే పోయే వాసనలు. ఎక్కడికో తెలిసి పడే కష్టమూ, తెలియకుండా పడే కష్టమూ ఒకటి కాదు.

అడగడానికి దారే లేదా అంటే ఉంది, కాస్త నెమ్మదైన దారి. ఆపి ఉన్న కారు తలుపు తెరిచి, లోపల దుప్పటి పరిచి ఊరుకోవాలి. ఎక్కితే ఎక్కుతాడు. ఇంకో రోజు కారు కదలకుండా ఇంజను మాత్రం ఆన్ చెయ్యాలి. తర్వాత కాలనీ చుట్టూ ఒక రౌండు. ఆ తర్వాత ఔటర్ దాకా. జవాబులు మాటల్లో రావు. నిద్ర రాకుండానే ఆవలించడం, పదేపదే మూతి నాక్కోవడం, చొంగ కారడం, మొహం పక్కకి తిప్పుకోవడం, ఇవన్నీ చాలాసార్లు వాడి భాషలో "వద్దు" అనడమే. తోక ఒక్కటే చూసేవాళ్లకి ఇవి కనపడవు.

ఐతే ఇక్కడే ఒక మెలిక ఉంది. అడగడమూ అలవాటు చెయ్యడమూ పైకి ఒకేలా కనపడతాయి. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో పంపడానికి ముందు లైకాని కూడా ఓపిగ్గానే సిద్ధం చేశారు. అది మాస్కో వీధుల్లో దొరికిన కుక్క. రోజులు గడిచేకొద్దీ ఇంకా చిన్న బోనుల్లోకి మారుస్తూ దాన్ని ఇరుకుకి అలవాటు చేశారు. ఆ శాస్త్రవేత్తల్లో ఒకాయన ప్రయాణానికి ముందు దాన్ని తన ఇంటికి తీసుకెళ్లి పిల్లలతో ఆడుకోనిచ్చాడు. ప్రేమ లేదనలేం. తిరిగి తెచ్చే ఏర్పాటు మాత్రం మొదట్నుంచీ లేదు. వేడికి కొన్ని గంటల్లోనే చనిపోయిందన్న సంగతి 2002లోగానీ బయటికి రాలేదు. అక్కడ లేనిది ఓపికా కాదు, ఆప్యాయతా కాదు. లైకా ఏ రకంగా వద్దని చెప్పినా ఆ ప్రయాణం ఆగేది కాదు, అంతే.

"ఒక మాత్ర వెయ్యి, దారంతా పడుకుంటాడు" అనే సలహా నాకూ వచ్చింది. వాంతులు ఆపే మందు వేరు, భయం తగ్గించే మందు వేరు. డాక్టరు చూసి ఇస్తే అవి మేలే చేస్తాయి. కానీ ఏస్‌ప్రోమజీన్ లాంటివి ఒంటిని మందగింపజేస్తాయిగానీ భయాన్ని అంతగా తగ్గించవని పశువైద్యులే చెబుతారు. అంటే భయం లోపలే ఉండి, దాన్ని చెప్పుకునే శక్తి పోతుంది. ముందు సీట్లో మనకి మాత్రం ప్రశాంతంగా ఉంటుంది.

"ఇంత ఆలోచించేవాడివి వాణ్ణి ఇక్కడే వదిలేసి పో" అన్నాడొక స్నేహితుడు. వదిలేసినా అడిగి వదలం కదా. తెలియని చోట, తెలియని మనుషుల మధ్య వారం రోజులుంచడం కూడా వాడి తరఫున నేను చేసే నిర్ణయమే. వాడికి తలుపు గడియ అందదు గనక ఎటూ నిర్ణయం నాదే. చేతనయ్యేదల్లా దాని బరువు వీలైనంత నా వైపు జరుపుకోవడం. కుక్కకి అరికాళ్లలో తప్ప పెద్దగా చెమట పట్టదు. రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఎండలో ఆపిన కారు కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి దారిలో మేమిద్దరం కలిసి భోంచెయ్యం, వంతులవారీగా తింటాం. తెల్లారకముందే బయల్దేరతాం. ఎంత ఆలస్యమైనా రెండు గంటలకోసారి ఆగుతాం. ఒక్క రోజు దారిని రెండు రోజులు చేసుకుని, రాత్రికి విజయవాడలో ఉండిపోతాం.

ఇవన్నీ చేసినా అది అడిగినట్టు కాదు. వాడు వద్దంటే ఏం చెయ్యాలో కూడా ముందే అనుకుని ఉండాలి. కింది ఫ్లాట్‌వాళ్లు వాడికి బాగా అలవాటు. అవసరమైతే ఉంచుకుంటామన్నారు. ఇక దారిలో మా హద్దు సూర్యాపేట. అక్కడిదాకా వచ్చాక కూడా వాడు వణుకుతూ చొంగ కారుస్తూనే ఉంటే కారు వెనక్కి తిప్పాలి. సెలవులు పెట్టి, గది బుక్ చేసుకుని, అంత దూరం వచ్చేశాక ఆ పని నిజంగా చేస్తామా? చెయ్యలేం అనుకుంటే, ఈ నెలంతా నేను కారు తలుపు తెరిచిపెట్టి చేస్తున్నది అడగడం కాదు, బుజ్జగించడమే.